హనుమాయమ్మ చలిజ్వరం

గర్భసంచి తీసేశారట, అందుకే మొగుడు పుట్టింట్లో దింపి పోయాడట! రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో నూజెండ్ల ఆడవాళ్ళు హనుమాయమ్మ గురించి చెవులు కొరుక్కున్న మాట ఇది. శుద్ధ అబద్ధం. గర్భసంచి ఎక్కడిది అక్కడే ఉంది. దాని మూతి దగ్గర చింతగింజంత కండ పెరిగి, ముట్టు కాని రోజుల్లోనూ రక్తం కనబడుతుంటే, నరసరావుపేట ఆస్పత్రి డాక్టరమ్మ ఆ కండను కత్తిరించి పంపింది. అంతే.

పుండు మానేదాకా బరువెత్తొద్దనీ, చెరువులో దిగొద్దనీ, మొగుడి పక్కకు పోవద్దనీ, లోపల ఏ మందూ పెట్టుకోవద్దనీ గట్టిగా చెప్పింది. చీము వాసన వచ్చినా, జ్వరం తగిలినా వెంటనే రమ్మంది. గురజాల రాళ్ళగని పక్కన గుడిసెలో ఇవన్నీ సాగేవి కావని మొగుడు ఆదెయ్యే ఆమెను తెచ్చి అత్త పిచ్చమ్మకు అప్పగించాడు.

పిచ్చమ్మకు అన్నీ నచ్చాయి గానీ మందు మాట మింగుడు పడలేదు. ఆ ఊళ్ళో కాన్పైన ప్రతి ఆడదానికీ వేపాకు, పసుపు, వెల్లుల్లి నూరి, ఆముదంలో తడిపి, పాతగుడ్డలో మూటగట్టి లోపల పెట్టించేది ఆమే. కూతురికీ ఒక మూట కట్టింది.

"పచ్చి పుండు ఊరికే ఎట్టా మానుద్దే? పెట్టుకో."

"డాక్టరమ్మ వద్దందమ్మా."

"ఆమెకు పెళ్ళా, పెటాకులా? నిన్ను కన్నదాన్ని చెప్తన్నా, పో!"

హనుమాయమ్మ మూట తీసుకుని పెరట్లోకి పోయింది. పిచ్చమ్మ తృప్తిగా పొయ్యి ముందు కూర్చుంది.

వారం తిరక్కుండానే జ్వరం కాసింది. పళ్ళు టకటకలాడే చలి. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. లోపల చీము పట్టిందేమో, తన మూటే బిడ్డ ప్రాణం మీదికి తెచ్చిందేమోనని పిచ్చమ్మకు భయం పట్టుకుంది. అడుగుదామంటే నోరు రాలేదు. బండి కట్టించి వినుకొండ చేర్చి, రైల్లో నరసరావుపేట ఆస్పత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ దీపం పట్టి లోపల చూసింది. పొత్తికడుపు నొక్కింది. ఎడమ డొక్కలో చెయ్యి పెట్టి చూసి నవ్వింది.

"పుండు శుభ్రంగా మానుతోంది. చీము లేదు, వాసన లేదు. ఇది చలిజ్వరం, మలేరియా. ప్లీహం వాచి డొక్కలో బల్ల కూడా తగులుతోంది. క్వినైన్ ఇస్తాను."

పిచ్చమ్మ వరండాలో చతికిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. చేదు మందుకు మూతి వంకర్లు పెడుతున్న కూతురి తల నిమిరింది. అప్పుడు అడిగింది.

"నిజం జెప్పవే. ఆ మూట పెట్టుకున్నావా, లేదా?"

"పెంటకుప్పలో పారేశానమ్మా. బతికుంటే నీచేత తిట్లు తినొచ్చులే అనుకున్నా."