తలకిందుల కామా

ఆయన అసలు పేరేమిటో అచ్చాఫీసులో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. అక్షరానికి ఒక్క పొల్లు తప్పినా పట్టేస్తాడు కాబట్టి పొల్లాయన అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆ పనిలో ఉన్నవాడికి అనుమానమే కూడు పెడుతుంది. ఎవరినైనా ఇట్టే నమ్మేసే ప్రూఫురీడరూ, ఈత రాని చేపా ఒకటే.

అయితే పొల్లాయన ఆ అనుమానాన్ని సాయంత్రం బల్ల సొరుగులో పెట్టి తాళం వేసేవాడు కాదు. గొడుగుతో పాటు ఇంటికి పట్టుకుపోయేవాడు. భార్య తలనొప్పి అంటే, "నిన్న ఎడమ పక్క అన్నావు, ఇవాళ కుడి పక్క నొక్కుకుంటున్నావేం?" అనేవాడు. మామగారు పోయారని టెలిగ్రాం వస్తే ముందు అందులో రెండు తప్పులు దిద్ది, ఆ తర్వాత ఏడ్చాడు. తన పెళ్ళి కార్డులో పెళ్ళికూతురి పేరుకి దీర్ఘం పడలేదని పెళ్ళిపీటల మీద రోజంతా అలిగాడని చెప్పుకుంటారు. అది అన్యాయం. అలిగింది గంటసేపే.

అలాంటి మనిషి బల్ల మీదికి ఒక ఉదయం నర్సమ్మ రాతపుస్తకం వచ్చి పడింది.

ఊరి చివర రాళ్ళ క్వారీ ఉంది. అక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సమ్మ పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. రాళ్ళు కొట్టేవాళ్ళది వేరే భాష. దానికి పాటలున్నాయి, తిట్లున్నాయి, సామెతలున్నాయి, రాత మాత్రం లేదు. నర్సమ్మ ఆ భాష నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకోక, దానికి అక్షరాలు కట్టడానికి పూనుకుంది. మన అక్షరాలనే తీసుకుని, పనికిరాని వాటిని పక్కన పెట్టి, కొన్నిటికి తోకలు తగిలించి, కొన్నిటికి తలకట్టు తీసేసి, ఆరు అక్షరాలు సొంతంగా గీసింది. పంతొమ్మిది మంది ఆడవాళ్ళకి చదవడం నేర్పింది. ఇప్పుడు పసిపిల్లల జబ్బుల మీద, వాటి మందుల మీద అరవై నాలుగు పేజీల పుస్తకం రాసి తెచ్చింది. నెలాఖరుకి ఆమెకి బదిలీ. వచ్చే నర్సుకి ఆ భాష రాదు. తను వెళ్ళిపోయేలోపు ఆ తల్లుల చేతిలో పుస్తకం ఉండాలని ఆమె తాపత్రయం.

అక్షరాలు కూర్చే కంపోజిటరు ముచ్చటపడి పాత అచ్చులని అరగదీసి ఆరు కొత్త అక్షరాలూ తయారుచేశాడు. నర్సమ్మ అక్షరాల కింద అక్కడక్కడ పెట్టిన చిన్న కొక్కేనికి మాత్రం కామాని తలకిందులు చేసి సర్దాడు.

నర్సమ్మ పొల్లాయనకి కూడా ఈ సంగతులు చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "రాసినవాళ్ళతో నేను మాట్లాడనమ్మా. మాటలు చెవిలో పడితే కళ్ళు మొద్దుబారతాయి."

మాటలు చెవిలో పడకుండానే మొదటి మూడు ఫారాలు దిద్దేశాడు. ఒక్కొక్క ఫారం పదహారు పేజీలు. దిద్దేకొద్దీ అనుమానం పాకం ముదిరినట్టు ముదిరింది. బోడితల అక్షరాలు! తోక అక్షరాలు! ఒక్క మాటకీ అర్థం లేదు! లోకంలో ఏ అక్షరాన్నైనా మొట్టమొదట ఎవరో ఒకరు గీసే ఉంటారు. ఆ పక్కనే ఇంకొకరు నిలబడి, "ఏమిట్రా ఈ గీతలు, ఎవరి కొంప ముంచడానికి?" అని కూడా అడిగే ఉంటారు. ఈ రెండో ఉద్యోగం పొల్లాయన ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నాడు.

నాలుగో ఫారం పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్ళాడు.

"దీని మీద నేను సంతకం పెట్టను."

"ఏం పెద్దాయనా, తప్పులున్నాయా?"

"తప్పో ఒప్పో తెలిసి చావాలి కదా! ఇది భాష కాదండీ. దొంగ రాత."

"పిల్లల విరేచనాల గురించంట కదా?"

"అని ఆవిడ చెప్పింది. మీరు చదివారా? నేను చదివానా? లోపలంతా మందు, మందు అని ఉందట. క్వారీలో రాళ్ళు పేల్చేదీ మందే! ఏ మందు గురించి రాసిందో ఎవడు చూశాడు?"

ఓనరు మంచివాడే కానీ గుండె చిన్నది. పోలీసు అన్న మాట వినబడితే నీళ్ళు అడిగే రకం. "మరి మొదటి ఫారం మిషనెక్కి తిరుగుతోందే! దాని మీద మీ సంతకం ఉందే!"

"అప్పటికి నాకింకా ఇంత అనుమానం రాలేదు."

"అయితే ఆవిడని పిలిచి ఇవాళే తేల్చండి. తేలిందా, సరే. తేలలేదా, అచ్చయినవన్నీ చించేసి ఆవిడకో దణ్ణం పెట్టేద్దాం."

మధ్యాహ్నానికి నర్సమ్మ వచ్చింది. ఒంటరిగా రాలేదు. క్వారీ నుంచి ఒక అత్తనీ కోడలినీ వెంటబెట్టుకొచ్చింది. అత్తకి మన మాటలు రావు, చదువూ రాదు. కోడలికి రెండు భాషలూ వచ్చు. నర్సమ్మ దగ్గర చదవడం నేర్చిన పంతొమ్మిది మందిలో ఒకతె. చంకలో బిడ్డ.

"ఈ బిడ్డకి కిందటేడు సీసా మీది చీటీ చదవడం రాక రెండింతలు మందు పట్టిందండీ ఈ పిల్ల. మూడు రోజులు కళ్ళు తెరవలేదు వాడు. పుస్తకం ఆపేస్తే, నేను పోయాక మళ్ళీ అదే జరుగుతుంది" అంది నర్సమ్మ.

పొల్లాయన బిడ్డ వంక కూడా అనుమానంగానే చూశాడు. వాడు బోసినవ్వు నవ్వాడు. లంచం ఇస్తున్నాడనుకుని ఆయన చూపు తిప్పుకున్నాడు.

పరీక్ష ఆయనే పెట్టాడు. కోడలు వీధి గదిలో కూర్చోవాలి. అత్తా నర్సమ్మా వెనక కంపోజింగు గదిలో ఉండాలి. అత్త తనకి తోచిన మాట ఒకటి చెప్పాలి, నర్సమ్మ రాయాలి. ఆ కాగితం వేరే ఎవరి చేతిలోనూ పడకుండా పొల్లాయనే తీసుకెళ్ళి కోడలికివ్వాలి. కోడలు చదివి, అందులో ఏముంటే అది చెయ్యాలి.

"మధ్యలో సైగలు, దగ్గులు పనికిరావు" అని హెచ్చరించాడు.

అత్త కంపోజింగు గది నలుమూలలా చూసి, చెమట తుడుచుకుని, ఏదో అంది. నర్సమ్మ రాసింది. పొల్లాయన కాగితం అందుకుని నడవలోకి వచ్చాడు. వెలుతురులో పట్టి ముందూ వెనకా చూశాడు. రహస్యపు గుర్తులేం లేవు. ఒక అక్షరం కింద మాత్రం పెన్ను కక్కినట్టు చిన్న మరక. జేబులోని చాకు తీసి దాన్ని గీకేసి, ఊది, కోడలి చేతికిచ్చాడు.

కోడలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. లేచింది. బిడ్డని సర్దుకుని నడవలోకి వెళ్ళి, కంపోజింగు గది తలుపు దభీమని మూసేసింది.

లోపలి నుంచి అత్త గొంతు లేచింది. తలుపు తెరుచుకుంది. అత్త కోడలి మీద విరుచుకుపడిన తీరు చూస్తే, ఆ భాషలో తిట్లు ఉన్నాయన్న సంగతి మాత్రం పొల్లాయనకి రుజువైపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు.

"తలుపు మూయకు, ఉక్కగా ఉందని చెప్పిందంట. మొగుడి మాట వినవు సరే, కాగితం మాటైనా వినవా అంటోందండీ" అంది కోడలు బిక్కమొహంతో. "కాగితంలో మూయమనే ఉందండీ!"

"అద్గదీ!" పొల్లాయన గొంతు మిషను రొదని మించిపోయింది. "ఓనరుగారూ, రండి! ఈవిడ మూయకు అందట, నర్సమ్మ రాతలో మూయమని ఉందట! ఇదీ వీళ్ళ భాష! ఇదీ వీళ్ళ రాత!"

ఓనరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.  నర్సమ్మ కోడలి చేతిలోంచి కాగితం తీసుకుని చూసింది. వేలితో తడిమింది. వెలుతురుకి పట్టింది. ఒకచోట కాగితం పలచబడి ఉంది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారండీ?"

"ఎవరూ ముట్టుకోలేదు. నా చేతిలోనే ఉంది."

"అందుకే అడుగుతున్నాను. ఇక్కడ ఒక కొక్కెం ఉండాలి. ఏమైంది?"

"కొక్కెమా? అది మరక. గీకేశాను."

"మరక కాదండీ. గుక్క."

"గుక్కేమిటి? అచ్చా, హల్లా?"

"రెండూ కాదు."

"రెండూ కానిది బడిలో ఉండదమ్మా, జైల్లో ఉంటుంది."

నర్సమ్మకి నవ్వు రాలేదు. "పసివాళ్ళు గుక్కపట్టి ఏడుస్తారు చూశారా, గొంతులో ఊపిరి అలా ఒక్క క్షణం ఆగుతుంది. వీళ్ళు మాట మధ్యలో అలా ఆపుతారు. ఆపితే వద్దని. ఆపకపోతే చెయ్యమని. మాటంతా ఒకటే, మూయి అన్నా మూయకు అన్నా. తేడా ఆ గుక్క ఒక్కటే." కోడలి వైపు తిరిగింది. "చెప్పమ్మా, రెండూ."

కోడలు చెప్పింది. పొల్లాయనకి రెండూ ఒకేలా వినిపించాయి. మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారికి, రెండో మాట నడుమ చిన్న గొళ్ళెం పడినట్టు ఏదో తెలిసింది.

వెంటనే ఆయనకి ఇంకొకటి కూడా తెలిసింది. 

"నర్సమ్మా, మందు పట్టు అన్నా, పట్టకు అన్నా..."

"అదీ అంతేనండీ."

తలకిందులైన కామా! ముప్పై ఒక్క ఏళ్ళలో తలకిందులుగా పడిన అచ్చు కనిపిస్తే ఆయన వదిలింది లేదు. మూడు ఫారాల్లో రెండు వందల పద్నాలుగు కామాలు కొట్టేశాడు. కంపోజిటరు నోరెత్తకుండా అన్నీ పీకేశాడు. పొల్లాయన కొట్టేసింది తిరిగి పెట్టడం ఆ ఆఫీసులో ఇంతవరకూ జరగలేదు. మొదటి ఫారంలోనే ఉంది జ్వరం మందు పేజీ.

పొల్లాయన పరుగెత్తగా ఎవరూ చూసి ఎరగరు. ఆ రోజు చూశారు. మిషను గదిలోకి దూసుకెళ్ళి తన చేత్తోనే ఆపేశాడు. అచ్చయిన కాగితాల దొంతర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"ఏమైంది పెద్దాయనా? దొంగ రాతేనా?" అన్నాడు ఓనరు వెనకాలే వచ్చి.

"కాదండీ. రాత అసలుదే. దొంగని నేను. ఇవన్నీ చించెయ్యండి."

కంపోజిటరు కామాలన్నీ తిరిగి కూర్చాడు. నాలుగో ఫారంతో కలిపి చూస్తే కామాలు చాలలేదు. పక్క బల్ల మీద ఒక పెద్దమనిషి ఉపన్యాసాల పుస్తకం సిద్ధంగా ఉంటే, అందులోవన్నీ లాగేశారు. ఆ పెద్దమనిషి ఊపిరి పీల్చకుండా మాట్లాడే మనిషే కాబట్టి చదివినవాళ్ళెవరికీ లోటు తెలియలేదు.

కొత్త ప్రూఫులు వచ్చాయి. నర్సమ్మ వాటిని పొల్లాయనకి వదిలిపెట్టి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ముందు ఆయన జేబులోని చాకు అడిగి తీసుకుంది. "ఏమనుకోకండి. మీ మీద నాకు నమ్మకం లేదు."

"ఉండకూడదు" అన్నాడు పొల్లాయన.

కంటితో దిద్దితే కుదరదని ఆయనకే తోచింది. అత్తని పిలిపించి బెంచీ మీద కూర్చోబెట్టారు. నర్సమ్మ అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం ఆయన పైకి చదవాలి. చదువు రాని అత్త విని, అర్థమైతేనే తలూపాలి.

జ్వరం మందు పేజీ తీశాడు. ఒళ్ళు చల్లబడ్డాక మందు పట్టకు అని ఉండాలి. చదివాడు. అత్త తలూపలేదు. గొంతు బిగపట్టి చదివాడు, దగ్గొచ్చింది. మళ్ళీ చదివాడు. అత్త కోడలితో ఏదో అంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంది?"

"పట్టమంటున్నాడు, బిడ్డని చంపేలా ఉన్నాడు అంటోందండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, వాక్యం మొదటి నుంచి అందుకుని, కొక్కెం దగ్గరికి వచ్చేసరికి మాటని సగంలో పట్టుకుని ఆపి, వదిలాడు.

అత్త తలూపింది.

జాలిపడి ఊపిందేమోనని, పొల్లాయన ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు.