నూజివీడు రసాల దారిలో మా అత్తయ్య ముక్కు

నూజివీడు వెళ్ళేవాళ్ళంతా మామిడిపండ్ల కోసం వెళ్తారు. మేము వెళ్ళింది ముక్కు కోసం. మొన్న చలికాలంలో మా అత్తయ్యకి జ్వరం, జలుబు కలిసికట్టుగా వచ్చాయి. వారానికి రెండూ వెళ్ళిపోయాయి గానీ, పోతూ పోతూ ఆవిడ వాసన చూసే శక్తిని కూడా వెంట పట్టుకుపోయాయి. మొదట్లో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కాఫీ వేడినీళ్ళలా ఉందని, సాంబారు చప్పగా ఉందని ఆవిడ నా వంటని అనుమానించారు. అనుమానం నా మీద నుంచి ముక్కు మీదకి మళ్ళేసరికి సంక్రాంతి కూడా దాటింది, అప్పటిదాకా నేనే ముద్దాయిని. చివరికి ముక్కు డాక్టరు గారు విడమరిచి చెప్పారు. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి నాలుగైదు మాటలు మాత్రమే చెప్పగలదట. మిగతా కథంతా ముక్కు చెబుతుందట. ఇద్దరి మాటలూ విని ‘ఇది సాంబారు’ అని తీర్పు ఇచ్చేది మెదడట. వాసన మెల్లగా తిరిగి రావచ్చు, బాగా తెలిసినవి రోజూ వాసన చూస్తూ ఉండండి అన్నారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి ఆవిడ ముక్కు ముందు హాజరు వేయించుకుని వెళ్ళేవి. ఏ ఒక్కటీ పలకలేదు. ఇంతలో మే నెల వచ్చి పడింది, దాంతో పాటు ఆవకాయ. మా ఇంటి ఆవకాయ కోసం ఆడపడుచులు, తోడికోడళ్ళు ఖాళీ జాడీలు కడిగి ఎండబెట్టుకుని కూర్చుంటారు. "ముక్కు లేని మనిషి ఆవకాయ పెట్టకూడదమ్మా లలితా. ఆవపిండి ఘాటు మండుతోంది గానీ వాసన తెలియట్లేదు. ఈ ఏడు నువ్వు పెట్టు," అన్నారు అత్తయ్య. ఆవకాయకి సంబంధించి నాకు తెలిసిన పని అన్నంలో కలుపుకోవడం ఒక్కటే. అంతకంటే బాధ, ఎప్పుడూ వంకలు పెట్టే మనిషి ఏమీ అనకుండా తిని లేచిపోవడం. ఆ మౌనం కన్నా వంకలే నయమనిపించింది. నూజివీడు రసం చెట్టు కిందే వాసన రాకపోతే ఇంక రాదని ఒకరోజు ఆవిడే తేల్చేశారు. మర్నాడే బయల్దేరాం.

విజయవాడ నుంచి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడుకి కారులో గంటన్నర లోపే. బస్సులు కూడా బాగానే ఉన్నాయి, హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వెళ్ళేవి కాస్త చుట్టు. మేము రోజంతా ఉండేలా కారు మాట్లాడుకున్నాం, డీజిలుతో కలిపి మూడు వేలకి అటూ ఇటూ అయింది. ఆరింటికి బయల్దేరితే ఎండ ముదరక ముందే తోటలో ఉండొచ్చు. డ్రైవరు శ్రీను కారులో మల్లెపూల సెంటు సీసా ఒకటి వేలాడదీశాడు. ఎక్కగానే నాకు తల తిరిగింది.

"ఏంటి శ్రీనూ, సీసా అంతా ఒకేసారి పోసేశావా?"

"అందులో ఇంకా సెంటుందా అండీ? నాకసలు వాసనే రాట్లేదు. అయిపోయిందనుకుని కొత్తది కొందామనుకుంటున్నా."

నేను నవ్వాను గానీ నున్న దాటేసరికి నాకూ ఆ మల్లెలు మాయమయ్యాయి. ఎంతసేపూ ఒకే మాట చెబుతుంటే మెదడు వినడం మానేస్తుంది కాబోలు. మా ఇంట్లో మావారు ఈ విద్యలో ఆరితేరారు.

ఆగిరిపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక తోట దగ్గర ఆగాం. కౌలుకి తీసుకున్న కుటుంబమంతా కోతలో ఉంది. పొడుగాటి గెడకి కట్టిన చిక్కంతో మగవాళ్ళు కాయలు కోస్తుంటే, నాగమణి అనే ఆవిడ కింద కూర్చుని కాయల్ని ఏరుతోంది. అడిగి కోయించుకునే పని లేకుండా, గడ్డిలో మాగేసిన చిన్నరసాలు తలో రెండు మా చేతుల్లో పెట్టింది. రసం తినే పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కొయ్యకూడదు. పండు చుట్టూ వేళ్ళతో మెత్తగా నొక్కి, తొడిమ తీసి, జీడి ఉన్న మొదటి చుక్కలు పిండేసి, ఆపైన నోట్లో పెట్టుకుని పీల్చాలి. మోచేతుల దాకా కారితే సరిగ్గా తిన్నట్టు లెక్క. అత్తయ్య కళ్ళు మూసుకుని పీల్చారు. మేమంతా ఆవిడ ముఖమే చూస్తున్నాం.

"తియ్యగా ఉంది," అన్నారు. రెండో పండు నా చేతిలో పెట్టేశారు.

ఆవిడకి ఎలా ఉంటుందో తెలుసుకుందామని నేను ముక్కు మూసుకుని ఒక గుక్క పీల్చాను. పంచదార పాకం. అంతకుమించి ఏమీ లేదు. శ్రీను కూడా ముక్కు గట్టిగా పట్టుకుని పీల్చి, వదిలి, "వచ్చేసిందండీ! వదలగానే రసం వచ్చేసింది!" అని అరిచాడు. మళ్ళీ మూశాడు, మళ్ళీ వదిలాడు. నాగమణి ఏరుతున్న కాయలు పక్కన పడేసి లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మా పండుకి ఏం మాయరోగం వచ్చిందండీ? ఊరూవాడా లొట్టలేసుకుని తింటంటే మీరు ముక్కులు మూసుకు తింటన్నారు!"

ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. పండు కుళ్ళలేదని రుజువు చేయడానికి ఇంకో రెండు తినాల్సి వచ్చింది. ఆ శిక్ష మేము సంతోషంగానే అనుభవించాం.

పదకొండు దాటాక నూజివీడు బజారుకి చేరాం. పండ్ల వ్యాపారి గుప్తా గారి కొట్టు ముందు రసాలు రాశులు పోసి ఉన్నాయి. అత్తయ్య పండు కొనే తీరు వేరు. ముందే నొక్కి చూస్తే వ్యాపారికి ఒళ్ళు మండుతుందని, చేతులు వెనక్కి కట్టుకుని వంగి తొడిమ దగ్గర వాసన చూస్తారు. నచ్చితేనే ముట్టుకుంటారు. ముక్కు పోయినా ఆ అలవాటు పోలేదు. అన్నిటికంటే ముందు, ఎత్తు మీద చిన్న బుట్టలో మామిడాకుల మధ్య బుగ్గన ఎర్రటి ఛాయతో నిగనిగలాడే పండు దగ్గరికి వెళ్ళి వంగారు. వంగినావిడ లేవలేదు.

"లలితా," అన్నారు. "వచ్చిందే! రసం వాసన! ముక్కు నిండా వస్తోందే!"

నాకు ఏడుపొచ్చేసింది. శ్రీను చప్పట్లు కొట్టాడు. నేను అక్కడికక్కడే మావారికి ఫోన్ చేస్తే, ఆయన చుట్టాలందరికీ చేశారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని గుప్తా గారి వైపు తిరిగారు.

"ఆ పండు ఇవ్వండి బాబూ. ఎంతైనా ఫర్వాలేదు."

"అది అమ్మేది కాదమ్మా. వేరేవి చూడండి, అన్నీ గడ్డిలో మాగినవే."

"నాకదే కావాలి. దాని వాసన వేరండీ!"

గుప్తా గారు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. మంచి మనిషి, చెప్పడానికి ఇబ్బంది పడ్డారు. "అది కొండపల్లి బొమ్మ అమ్మా. చెక్కది. షోకి పెట్టుకున్నాం," అన్నారు నెమ్మదిగా.

చుట్టూ ఉన్న అసలు పండ్ల వాసనే తగిలిందేమోనని నేను ఆశపడ్డాను. అత్తయ్యని కళ్ళు మూసుకోమని నిజం పండు ముక్కు కింద పెట్టాను. లేదు. బొమ్మ పెట్టాను. లేదు. కళ్ళు తెరిచి బొమ్మ వైపు చూడగానే, "ఇదిగో, మళ్ళీ వస్తోంది," అన్నారు దిగులుగా. కళ్ళు పండుని చూపిస్తే, డెబ్భై ఏళ్ళుగా దాచుకున్న వాసనని మెదడు తీసి ముందు పెట్టేస్తోంది. ముక్కు సాక్ష్యం కోసం ఆగడం లేదు. గుప్తా గారు జాలిపడి పండ్ల ధరలో తగ్గించారు. మూడు పెట్టెల రసాలు కొన్నాం. పచ్చడికాయలు కూడా కొందామంటే అత్తయ్య తల అడ్డంగా ఊపారు. "బొమ్మకీ పండుకీ తేడా తెలియనిదాన్ని, ఆవకాయేం పెడతాను? పద," అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

భోజనం అక్కడే మెస్సులో చేశాం, మనిషికి నూట ఇరవై, అరిటాకులో వడ్డించారు. అప్పడం చప్పుడు బాగుందని మాత్రం అత్తయ్య మెచ్చుకున్నారు. రెండింటికి తిరుగు ప్రయాణం. కారులో మూడు పెట్టెల పండ్లు, శ్రీను మల్లెలు, మా చేతుల నిండా రసం. మధ్యలో చుట్టాల ఫోన్లు. "వదినా, ముక్కు వచ్చేసిందట కదా, ఆవకాయ ఎప్పుడు?" అని ఒకరి తర్వాత ఒకరు. ప్రతి ఒక్కరికీ బొమ్మ కథ మొదట్నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆగిరిపల్లి ఇంకా రాకముందే అత్తయ్య ఉన్నట్టుండి, "ఏంటా కంపు?" అన్నారు.

నేను, శ్రీను అద్దంలో ఒకరినొకరు చూసుకున్నాం. "ఏం కంపూ లేదండీ పెద్దమ్మగారూ. మామిడిపండ్ల వాసనేనండి," అన్నాడు శ్రీను.

"కాదు. ఏదో పులిసిపోయింది."

"అత్తయ్యా, కాసేపు కళ్ళు మూసుకోండి," అన్నాను బుజ్జగింపుగా.

"మూసుకునే ఉన్నానే! కారు ఆపు శ్రీనూ!"

ఆపాడు. తలుపులన్నీ తీశాం. సీటు కింద, పొద్దున ఇంటి నుంచి నేను కట్టి తెచ్చి, మెస్సు భోజనం చూసి మర్చిపోయిన పెరుగన్నం క్యారియర్. మూత తీయగానే శ్రీను రోడ్డు అవతలికి పరుగెత్తాడు. మా ముక్కుల్లో మామిడి, మల్లె కిక్కిరిసి ఉండటంతో మాకు తెలియలేదు. అత్తయ్య ముక్కు ఖాళీగా ఉంది, వచ్చిన మొదటి వాసనకి తలుపు తీసింది. ఆవిడ మాత్రం క్యారియర్ రెండు చేతులతో పట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చుకుని, గుండె నిండా పీల్చారు.

"ఎంత కంపు కొడుతోందే లలితా!" అన్నారు ఏడుస్తూ, నవ్వుతూ. వెంటనే గొంతు మారింది. "అసలు ఎండాకాలం పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి తోడు పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" నాలుగు నెలల తర్వాత ఆవిడ నా వంటకి పెట్టిన మొదటి వంక అది. నాకు పండగలా అనిపించింది.

ఆగిరిపల్లిలో రోడ్డు పక్కన పచ్చడికాయల రాశి కనిపిస్తే ఆవిడే కారు ఆపించారు. ఒక కాయ తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వాసన చూశారు. మామిడి వాసన ఇంకా రాలేదు. "కంపు వచ్చింది కదా, మంచివి కూడా దారిలోనే ఉండుంటాయి. ఈలోపు నువ్వు పక్కన నిలబడి వాసన చెప్పు, నేను కలుపుతాను," అని వంద కాయలు కట్టించారు. లోకాన్ని ఉన్నదున్నట్టు చూస్తున్నామనీ, వింటున్నామనీ అనుకుంటాం గానీ, అందులో సగం తన దగ్గర ఉన్న పాత సరుకే మెదడు చూపిస్తుందని నాకు ఆ చెక్క పండు దగ్గర అర్థమైంది. ఆ పాత సరుకు ఆవిడ దగ్గర భద్రంగా ఉందని తెలిశాక ధైర్యం కూడా వచ్చింది. మీరు వెళ్తే ఒక్క సలహా. మే నెల ఎండలో పెరుగన్నం కారు సీటు కింద పెట్టుకుని వెళ్ళకండి. ఇంట్లో ముక్కు పోయిన మనిషి ఉంటే మాత్రం తప్పకుండా పెట్టుకుని వెళ్ళండి.