కాగితం బోర్డు కింద అంతరిక్షం

చెడ్డ బేరం ఎవరైనా చేస్తారు. కానీ అవతలివాడు గట్టిగా అడగకముందే, వాడు కలలో కూడా ఆశించని వస్తువును కొసరుగా చేతిలో పెట్టి, పైగా గెలిచానని మీసం తిప్పుకుంటూ రావడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. అది నాకుంది. మాది కొట్ల కుటుంబం. తాతయ్యది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు, నాన్నది కెనడాలో, టొరంటో అంచున స్కార్‌బరోలో అవే సామాన్లు, పక్కన కాసిని చీరలు. గల్లాపెట్టె వెనకాల హోమ్‌వర్క్ చేసుకుంటూ పెరిగిన నాకు ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాట కాదు, అప్పటి బూట్లు ఇంకా మా గుమ్మంలోనే ఉన్నాయి) ఒకటే కోరిక: కొట్టు తప్ప ఇంకేదైనా. అందుకని సైన్యంలో చేరాను. వాళ్ళు నా పుట్టుపూర్వోత్తరాలు చూసి సామాన్ల డిపోలో స్థిరమైన పోస్టు ఇస్తామన్నారు. సరిగ్గా అప్పుడే అంతరిక్ష విభాగానికి మనుషులను తయారు చేయడానికి ఒక తాత్కాలిక యూనిట్ పెడుతున్నారని తెలిసింది. డిపోను కాదని దానికి అప్లై చేశాను. అంతరిక్షం అంటే పైకి పంపడం కాదు, తెరల ముందు కూర్చోబెట్టి ఉపగ్రహాలు ఎటు పోతున్నాయో చూడటం నేర్పిస్తారు. ఈ సంగతి అమ్మకు వివరంగానే చెప్పాను. అయినా ఆవిడ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఇడ్లీ పాత్రతోపాటు నా చంద్రమండల యాత్ర కూడా చుట్టి ఇచ్చింది.

యూనిట్ ఎక్కడంటే హాలిఫాక్స్‌లో, నౌకాదళం వాళ్ళు ఖాళీ చేసిన ఒక షెడ్డులో. ఫిబ్రవరి నెల. సముద్రం మీంచి వచ్చే గాలి తలుపు తట్టకుండానే లోపలికొచ్చేది. చేరిన రోజే నాన్న వీడియో కాల్ చేశాడు.

"ముందు బోర్డు చూపించరా."

చూపించాను.

"అదేంట్రా, కాగితం మీద ప్రింటు తీసి టేపు అంటించారు?"

"ప్రస్తుతానికి, నాన్నా."

"కాగితం బోర్డు కొట్టుకి అరువివ్వకూడదని మీ తాతయ్య అనేవాడు."

"ఇది మిలిటరీ నాన్నా. కొట్టు కాదు."

"సరేలే. అరువు మాత్రం ఇవ్వకు," అని నాన్న ఫోను పెట్టేశాడు.

'ప్రస్తుతానికి' అన్నది నా మాట కాదు, మా మేజర్‌గారిది. ఆవిడ ప్రతి వాక్యం చివరా ఆ ముక్క ఉండేది కాబట్టి నేను ఆవిడకు ప్రస్తుతానికి మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. ప్రస్తుతానికి కుర్చీలు లేవు. ప్రస్తుతానికి హీటర్లు లేవు. తెరలు వచ్చాయి గాని వాటిని పెట్టే బల్లలు లేవు. ఎందుకంటే సామాన్లు కావాలంటే కంప్యూటర్లో యూనిట్ నంబరు కొట్టాలి, తాత్కాలిక యూనిట్‌కు నంబరు ఇవ్వరు. పదిహేనుమంది శిక్షణార్థులం కోట్లు విప్పకుండా గోడవార నిలబడి కక్ష్యల గురించి వింటున్నాం. ఈ నెలాఖరులోగా క్లాసు సక్రమంగా మొదలవకపోతే కోర్సే రద్దని పైనుంచి కబురొచ్చింది. మేడమ్ ఆ కబురు చదివి, మొదటిసారి, చివర 'ప్రస్తుతానికి' అనలేదు.

"మేడమ్, నన్ను పక్కనున్న సామాన్ల డిపోకి పంపండి," అన్నాను. నా నోటి వెంట వచ్చింది తాతయ్య గొంతు.

పక్క డిపో పెద్దాయన ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు ఉండేది. అందుకని ఆయన లంగరు మావయ్య. (మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, బేరం మాత్రం శుద్ధ తెనాలిది.) కావలసిన వస్తువు వైపు చూడకూడదన్నది మా ఇంటి మొదటి పాఠం. కుర్చీల గుట్టకు వీపు పెట్టి ఆయన కాఫీ మెషీన్‌ను మెచ్చుకున్నాను.

"నంబరు లేకుండా మేకు కూడా ఇవ్వను," అన్నాడాయన.

"ఇవ్వద్దు సార్. మీ దగ్గర చోటు చాలట్లేదుగా, పాపం. మా షెడ్డులో దాచి పెడతాం. దాచడానికి నంబరెందుకు?"

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నువ్వెక్కడ పెరిగావు బాబూ?"

"కొట్లో, సార్."

"కనబడుతూనే ఉంది. మరి నాకేంటి? మా దగ్గర ఒకడున్నాడు, మీ కోర్సు కోసం ప్రాణం వదిలేస్తున్నాడు."

అక్కడ ఆగాలి. 'ఆలోచించి చెప్తా' అని మెట్లు దిగాలి. ఆయనే వెనక్కి పిలిచేవాడు. కానీ కుర్చీలు, బల్లలు, హీటర్లు అన్నీ ఒక్క దెబ్బతో వస్తున్న మత్తులో, "నా చోటు తీసుకోండి, నేను రెండో బ్యాచ్‌లో చేస్తా," అన్నాను. ఆయన ఎంత త్వరగా చెయ్యి కలిపాడంటే, నాకు అప్పుడే అర్థం కావలసింది.

మేడమ్ కళ్ళు చెమర్చాయి. కోర్సు మొదలైంది. నేను హీటర్లకు కాపలా. అద్దం తలుపు అవతల నా బ్యాచ్‌వాళ్ళు ఉపగ్రహాలను వెంటాడుతుంటే, ఇవతల నేను ప్లగ్గు వేడెక్కుతోందేమో పట్టి చూసేవాణ్ణి. నాతోపాటు చేరిన ఒక తెలంగాణ అమ్మాయి ఉండేది, మా స్కార్‌బరో దగ్గరి ఏజాక్స్ ఊరి నుంచి వచ్చింది కాబట్టి ఏజాక్స్ అక్క. ఒకరోజు బ్రేక్‌లో రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చింది.

"ఏం తమ్మీ, అందరికీ కుర్చీలు తెచ్చినవ్. నువ్వెప్పుడు కూసుంటవ్?"

"రెండో బ్యాచ్‌లో అక్కా."

"రెండో బ్యాచ్ ఉందని నీకెవరు చెప్పిన్రు?"

"ఉండదా? ఒక్క పండక్కి అమ్మి మూసేసే కొట్టుంటుందా?"

అక్క టీ తాగడం ఆపేసింది. "తమ్మీ, ఇది టెంపరరీ. ఈ బ్యాచ్ అయిపోతే బందు పెడ్తరు. పర్మనెంట్ స్కూల్ వేరే పెడ్తున్నరంట, దానికి రూల్స్ వేరే." తర్వాత నా మొహం చూసి, "జర టీ తాగు," అంది.

తాగాను. చల్లారిపోయింది.

కోర్సు దివ్యంగా ముగిసింది. చివరి రోజున మేడమ్ స్వయంగా బోర్డు టేపు ఊడదీసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "నువ్వు లేకపోతే ఈ యూనిట్ లేదు. నీ రిపోర్టులో అదే రాశాను," అన్నారు. నిజంగానే రాశారు: సామాన్లు సంపాదించడంలో ఇతనికి సాటిలేదు. పైవాళ్ళు శ్రద్ధగా చదివి, నేను మొదట కాదన్న డిపో పోస్టులోనే వేశారు, లంగరు మావయ్య కింద. మొదటి పని, షెడ్డులో 'దాచిన' కుర్చీలు వెనక్కి మోయడం.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను.

"ఈసారి బోర్డు దేని మీద రాశార్రా?"

"ఇనప రేకు మీద, నాన్నా."

"మంచిది," అన్నాడు. నాన్న నన్నెప్పుడూ అంతకంటే ఎక్కువ ఓదార్చలేదు.

ఇక చివరి లెక్క. ఏజాక్స్ అక్క ఇప్పుడు ఉపగ్రహాలు చూస్తోంది, లంగరు మావయ్య కుర్రాడూ చూస్తున్నాడు. అమ్మ కొట్టులో మాత్రం నేను ఇంకా చంద్రుడి దారిలోనే ఉన్నాను, ఆ మాట నేనెప్పుడూ ఖండించలేదు. నాకు మిగిలింది ఆ కుర్చీల్లో ఒకటి. చెయ్యి విరిగిందని ఎవరూ తీసుకోలేదు, ఇది రాస్తున్నది అందులో కూర్చునే. బాగా వెనక్కి వాలితే డిపో కిటికీలోంచి అరచేతి మేర ఆకాశం కనబడుతుంది. నా చోటు దక్కిన ఆ కుర్రవాడి సంతోషం చూసి, ఈ బేరాన్ని లాభం కింద రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. కొట్లో పెరిగిన చెయ్యి, ఒప్పుకోలేదు. నష్టం కిందే రాశాను.