క్లచ్ మోటారు ఎందుకు కాలింది

ఆ షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ చెయ్యి మేస్త్రి అంటారు. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తి, అక్కడా ఇక్కడా అరచెయ్యి ఆనించి, వేడి ఎక్కడుందో చూసుకున్నాకగానీ పానా పట్టడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. వేళ్ళ నిండా బొబ్బలు మానిన మచ్చలే. "ముద్ద నోట్లో పెట్టుకోడానికన్నా మిగల్చండి ఆ వేళ్ళు" అని భార్య పోరుతూనే ఉంటుంది. వింటాడా? మొండిఘటం. అలాగని కంప్యూటర్ అంటే పడదని కాదు. స్కానర్ పెట్టి, అది చెప్పిందంతా చదివి, "సరే, నీ మాట అయింది, ఇక నేను చూస్తా" అంటాడు దానితోనే.

ఒక సోమవారం పొద్దున్న తెల్లకారొకటి వచ్చి ఆగింది. నడిపింది అన్నగారు, పక్కన కూర్చున్నది చెల్లెలు. కారు మాత్రం ఆవిడదే. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి ఆవిడ ఎడమ మోకాలు వంగకుండా బిగిసిపోయింది. అందుకే క్లచ్ పెడల్ లేని కారు ఏరికోరి కొనుక్కుంది. అందులో క్లచ్ నొక్కే పని కాలిది కాదు, బానెట్ కింద ఒక చిన్న మోటారుది. ఆ కారులో రెండు పూటలా అయిదుగురు పిల్లల్ని బడికి దింపి తీసుకొస్తుంది. పిల్లలు కారత్త అంటారు. పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది.

"మళ్ళీ అదే గొడవ మేస్త్రీ" అన్నాడు అన్న దిగుతూనే. "బడి ముందు ఎత్తులో నాలుగు నిమిషాలు ఆగి కదిలితే చాలు, క్లచ్ వేడెక్కిందని లైటు. ఆ తర్వాత గేరు పడదు. మొన్నయితే పిల్లలతో సహా నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఒక మోటారు కాలిపోతే ఇంకోచోట కొత్తది వేయించాం. ఇదీ అదే దారి పట్టింది."

"ఎందుకంటారు?"

"ఎందుకేముంది, దీని డ్రైవింగే. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలేటర్‌తో నిలబెడుతున్నట్టుంది. ఒంటికాలితో ఎన్నని చూసుకుంటుంది పాపం! ఆదివారం బేరానికి వస్తున్నారు, అమ్మేస్తాం. ఈలోపు నడిచేట్టు చేసిపెట్టు చాలు."

అన్న ఫోను మాట్లాడుకుంటూ అవతలికి వెళ్ళాక ఆవిడ మెల్లిగా అంది. "బ్రేకే తొక్కుతానండీ. నాకైతే అలానే గుర్తు. ఏమో మరి."

ఆ "ఏమో మరి" మేస్త్రికి నచ్చలేదు. ఇన్నేళ్ళొచ్చిన మనిషి తన కాలు ఏం చేస్తోందో తనకే నమ్మకం లేనట్టు మాట్లాడటమేమిటి? "పదమ్మా, నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

బడి ముందున్న ఎత్తుకు వెళ్ళారు. కదలడం, ఆగడం, కదలడం. ఆగిన ప్రతిసారీ ఆవిడ పాదం బ్రేకు మీదే ఉంది. అయినా పావుగంటలో లైటు వెలిగింది. షెడ్డుకు తిరిగొచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున లాగేసుకున్నాడు. ఉడికిపోతోంది. స్కానర్ కూడా మోటారుకు బరువెక్కువైందనే చెప్పింది. మీటరు పెట్టి చూస్తే తీసుకోవలసినదానికి రెండింతలు కరెంటు లాగుతోంది.

ఇంకొకరైతే ఇంకో మోటారు తెమ్మనేవారు. ఈయన మోటారును విప్పి, దేనికీ తగిలించకుండా వట్టిగా తిప్పి చూశాడు. చల్లగా, హాయిగా తిరిగింది. "ఇది శుభ్రంగా ఉంది. దీనిచేత ఎవరో గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు" అని గొణుక్కుంటూ, ఆ మోటారు నెట్టే క్లచ్ ఫోర్కును చేత్తో నెట్టాడు. కదల్లేదు. ఒళ్ళంతా ఆనించి నెడితే కీచుమంటూ కదిలింది.

గేర్‌బాక్స్ దించేసరికి మధ్యాహ్నమైంది. ఫోర్కు ఊగే చోట గ్రీజన్నది చుక్క లేదు. ఇనుము ఇనుమును తినేసింది. నాలుగు నెలల కిందట ఈ కారుకు క్లచ్ ప్లేటు మార్చి గేర్‌బాక్స్ మూసింది ఎవరు? తనే. మోటారు వేసినవాళ్ళకు ఇక్కడిదాకా రావలసిన పనే లేదు. ఆ రోజు పాత గ్రీజంతా గుడ్డతో తుడిచాడు. కొత్తది రాయబోతుండగా కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోను. ఉన్నపళంగా పరిగెత్తాడు. మర్నాడు వచ్చి, మనవరాలి ఫొటో షెడ్డంతా చూపించి, తాతనయ్యానన్న మత్తులో గేర్‌బాక్స్ ఎక్కించేశాడు.

అరిగిన ఫోర్కు తీసేసి కొత్తది వేశాడు. గ్రీజు రెండుసార్లు రాశాడు, మూడోసారి వేలు పెట్టి చూసుకున్నాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కారు కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పించాడు. మంగళవారం సాయంత్రం అదే ఎత్తు మీద ముప్పావుగంట ఆగుతూ కదులుతూ నడిపి, మోటారు మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి తియ్యక్కర్లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళు వచ్చారు. అన్న ఒక చుట్టు తిప్పి చూసి పొంగిపోయాడు. "శెభాష్ మేస్త్రీ! చూశావుటే, చెయ్యి పడాలి! ఇలా ఉండగానే ఆదివారం ఇచ్చేద్దాం. నీ చేతికిస్తే మళ్ళీ నెలకల్లా కాలుస్తావు."

"అలాగేలే అన్నయ్యా" అందావిడ తల వంచుకుని.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అరిగిన ఫోర్కు చెత్తబుట్టలో ఉంది. తన పేరు తనకుంటుంది. పోయేదల్లా ఆవిడ కారు. ఆ మాట అనుకోగానే తన మీద తనకే ఒళ్ళు మండింది. వెళ్ళి చెత్తబుట్టలోంచి ఫోర్కు తీసుకొచ్చి అన్నగారి చేతిలో పెట్టాడు.

"దీనికి గ్రీజు రాయడం మర్చిపోయానండీ నేను. నాలుగు నెలల కింద. పాత మోటారు కాలిందీ, కొత్తది వేడెక్కిందీ నా వల్లే. అమ్మాయిగారి డ్రైవింగ్‌లో వంక లేదు. పక్కన కూర్చుని చూశాను."

అన్న ముఖం జేవురించింది. "మర్చిపోయావా? పిల్లలు నడిరోడ్డు మీద ఇరుక్కుపోయారయ్యా! నీకు బుద్ధుందా? నీకో షెడ్డు, నీకో పేరు!" అని చెడామడా తిట్టాడు. తిట్లన్నీ తినాల్సినవే అనిపించింది మేస్త్రికి.

"ఆగన్నయ్యా, తిడితే నేను తిట్టాలి" అంది చెల్లెలు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాలుగు నెలల్నుంచి మీరందరూ నా కాలే అంటుంటే, నేనూ అదే నమ్మేశాను. బ్రేకు తొక్కి కూడా తొక్కలేదేమో అనుకునేదాన్ని." మేస్త్రి వైపు తిరిగింది. "ఇందాక నా డ్రైవింగ్ గురించి అన్నారే, అది ఇంకోసారి చెప్పండి. మా అన్నయ్య వింటాడు."

మేస్త్రి ఈసారి షెడ్డంతా వినపడేలా చెప్పాడు. "నీ డ్రైవింగ్‌లో ఏ వంకా లేదమ్మా. తప్పు నాది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని అన్న ముందు చెయ్యి చాపింది. "తాళం ఇటివ్వు. బడి వదిలే వేళయింది."