అంచు నుంచి చూసిన పలక

నేను ఇన్నేళ్లూ రాయలేకపోయింది బడి దూరమై కాదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ గోడకు అవతలే బడి. ఇవతల అమ్మ పక్కన కూర్చుని పలకలు నీళ్లతో రుద్దేదాన్ని. నా కూలి కూడా వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. యాభై దాటాక, చర్చిలో ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో అక్షరాలు పట్టుబడ్డాయి.

మొన్న మా పాప మెగ్నీషియం మిశ్రమ లోహాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. ఇంట్లో మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో పద్ధతి. ఈసారి సొంతంగా రాసుకొని చదువుతానన్నాను. ఆ మాట విని పక్కింటి వదిన వచ్చింది.

"మీ పాప డాక్టరంట గదా వదినా, నా మోకాళ్లు చూడమను."

"లోహాల డాక్టరు లే."

"అయితే మా స్టీలు బిందెకు సొట్ట పడింది. అదన్నా చూస్తాదా?"

నవ్వాను గానీ గుబులు పట్టుకుంది. పాప కష్టం గురించి నేను సరిగా చెప్పలేకపోతే సంఘమంతా ఇట్లాగే నవ్వుతుంది.

శనివారం సాయంత్రం పాపను కూర్చోబెట్టి అడిగాను. మెగ్నీషియం చాలా తేలికట. వేరే లోహాలు కలిపితే లోపల కంటికి కనపడనంత చిన్న రేణువులు ఏర్పడి దానికి బలం ఇస్తాయట. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన ఫొటో సెల్లులో చూపించింది. సన్నని నల్ల గీతలు.

"కడ్డీలు" అన్నాను.

"నేనూ మొదట అట్లనే అనుకున్నా మా" అని అటక మీద పెట్టిన నా సాయంత్రం బడి పలక తీసింది. సెల్ లైటు ముందు అడ్డంగా కాకుండా అంచు లైటు వైపుకి పెట్టి పట్టుకుంది. గోడ మీద కడ్డీ నీడ పడింది. మెల్లగా తిప్పింది. నీడ వెడల్పయింది.

"ఒక్క వైపు నుంచి తీస్తే ఏందో తెలీదు. లోహం ముక్కను కొంచెం కొంచెం తిప్పుతా ఫొటోలు తీసి, అన్నీ కంప్యూటర్లో కలిపితే అసలు ఆకారం వస్తాది. అదే నా పని."

"మరి ఇవి కడ్డీలేనా?"

"పలకల మాదిరివి మా. నీ పలకలే."

అప్పుడే కూర్చుని రాశాను. తప్పులు పాపకు చూపించలేదు, నేనే దిద్దుకున్నాను.

మరునాడు ఉదయం చర్చిలో కిటికీలు మూయించి, వదినను పిలిచి సెల్ లైటు పట్టుకోమన్నాను. పలక అంచు లైటు వైపు పెట్టాను.

"ఏంది వదినా గోడ మీద?" అని అడిగాను.

"కడ్డీ."

తిప్పాను.

"అయ్యో, పలక గదా!" అంది. ఎవరూ నవ్వలేదు. పలక ఆమె చేతికిచ్చి, కాగితం విప్పి, నా కూతురి పని ఏందో మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను.