నిండు ఫింజాను

హుస్సేన్ పీరాకి ఒకసారి కోపం వచ్చిందంటే అది చల్లారదు. దల్లా అనే కొమ్ముచెంబులో అరబ్బుల కాఫీ గహ్వాలాగా సన్నటి సెగ మీద అలాగే ఉంటుంది. రాయచోటి నుంచి కువైట్ వచ్చినప్పటి నుంచి అతని పని కూడా ఆ గహ్వాని చల్లారనివ్వకుండా చూడటమే.

వీసా ఇచ్చి అతన్ని పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంటి ముందు భాగంలో అతిథులు కూర్చునే దీవానియా ఉంది. పొద్దు వాలగానే మగవాళ్లు వచ్చి గోడల వెంబడి పరుపుల మీద కూర్చుంటారు. ఎడమచేతిలో దల్లా, కుడిచేతిలో ఫింజాన్లు పట్టుకుని పీరా వరసగా పోసుకుంటూ పోతాడు. ఫింజాన్ అంటే పిడిలేని చిట్టి కప్పు. అందులో అడుగున కాస్తే పోయాలి. తాగినవాడు కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఆడించి ఇచ్చేదాకా మళ్లీ మళ్లీ పోస్తూనే ఉండాలి. ఆడిస్తే చాలని అర్థం. అంచుదాకా నింపి ఇచ్చారంటే మాత్రం ‘తాగి లేచి పో’ అని ఇంటాయన మొహం మీద చెప్పినట్టే. ఆ కప్పు ఇంటాయన పోయించాలి గాని, పోసేవాడు తనంతట తాను పోయడానికి లేదు.

ఈ పని చేసేవాణ్ని గహ్వచి అంటారు. ఆ ఇంట్లో పీరాని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మొదట్లో ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. బడి చదువు సగంలో ఆగినా, కంటబడిందల్లా చదివే అలవాటు ఆగలేదు కాబట్టి, ఆ మంటలోనే ఒకరోజు ఫోను తీసి వెతికాడు. తనకి తగిలించిన ఈ ‘చి’ అసలు ఎక్కడిది?

అరబ్బీది కాదట, తుర్కులది. వాళ్ల సైన్యాల వెంట, సంతల వెంట బయల్దేరి బాల్కన్ దేశాలన్నీ తిరిగింది. గహ్వచి లాంటివాణ్నే సెర్బియాలో కఫెజియా అన్నారు, గ్రీసులో కఫెజీస్ అన్నారు, రొమేనియాలో కఫెజియు అన్నారు. మొదట తుర్కీ మాటల వెనక తోకలా వచ్చింది. తర్వాత ఆ దేశాల సొంత మాటలకే అంటుకుంది. బల్గేరియా వాళ్లు తమ పాత మాట ‘లోవ్’, అంటే వేట, దానికి ఈ తోక తగిలించి వేటగాణ్ని లోవ్‌జియా చేశారు. నిన్నగాక మొన్న వచ్చిన టాక్సీని కూడా వదలకుండా గ్రీకులు డ్రైవర్ని టాక్సిజీస్ చేశారు. తుర్కులు వెళ్లిపోయారు, తోక ఉండిపోయింది. లాటిన్ తోక ‘ఆరియుస్’ కథా ఇంతే. రోము కూలిపోయినా ‘ఎర్’ అనే రూపంలో జర్మన్ల నోట, ఇంగ్లీషువాళ్ల నోట బతుకుతూనే ఉంది. మన ఖజాంచి, తబల్చి ఆ తుర్కీ తోక తూర్పుకు నడిచిన దారిలో దొరికినవాళ్లు. చుట్టంగా వచ్చి, చివరికి ఇంటివాళ్లకే పేర్లు పెట్టే తోక అది. పరువు మాత్రం నిలవలేదు. పోనుపోను వెక్కిరింతకే ఎక్కువగా పనికొచ్చింది. గొడవలమారిని రొమేనియాలో స్కాండలజియు అంటారు, కువైట్‌లో మష్కల్చి అంటారు.

ఇదంతా తెలిసిన రోజు పీరాకి నిద్ర పట్టలేదు. ఎవరికైనా చెప్పాలి. సూర్యకిరణ్‌కి చెప్పాడు.

సూర్యకిరణ్‌ది కోనసీమ. కఫీల్ కంపెనీలో మందూబ్, అంటే పనివాళ్ల నివాస పత్రాలు, ఇఖామాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఒక తెలుగు సంఘం కమిటీలోనూ ఉన్నాడు. మాతృభాషా దినానికి తను మాట్లాడతానని పీరా అడిగాడు.

“వాయిస్ పెట్టరా. కమిటీవోళ్లకి వినిపిత్తాను. బావుంటే నిన్నే మాట్టాడిద్దాం,” అన్నాడు సూర్యకిరణ్.

పీరా దాచుకోకుండా అన్నీ వాయిస్‌లు పెట్టాడు. మాతృభాషా దినం నాడు తననే పిలుస్తారన్న ఆశతో సెలవడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కఫీల్ ఇంటి డ్రైవరు గంగాధరతో కలిసి మిర్కాబ్‌లో హాలుకి వెళ్లాడు. స్టేజీ మీద సూర్యకిరణ్ పట్టు లాల్చీలో ఉన్నాడు. “నేను చాలా కాలం శోధించి తెలుసుకున్నదేమిటంటే...” అని మొదలుపెట్టాడు. అవే మాటలు, అదే వరస. మన ‘గాడు’ కూడా ఆ తోక నుంచే వచ్చిందేమోనని పీరా ఒక వాయిస్‌లో తొందరపడి అన్నాడు. అది తప్పని తర్వాత తెలుసుకున్నాడు. సూర్యకిరణ్ ఆ తప్పు కూడా వదల్లేదు. జనం అక్కడే గట్టిగా చప్పట్లు కొట్టారు.

బయట కార్ల దగ్గర పీరా అతన్ని ఆపాడు. “అన్నా, అవి నా మాటలు గదన్నా.”

“మాటలు ఎవడి సొంతంరా? ఆ తోక ఊళ్లన్నీ తిరిగిందని నువ్వే అన్నావు. ఇప్పుడు నా నోట్లోకొచ్చింది. గహ్వచి స్టేజీ ఎక్కితే సంఘం పరువేం గాను? లోపలికెల్లి భోంచెయ్, బిర్యానీ ఉంది.”

తిరిగి వస్తుంటే గంగాధర అన్నాడు, “వాని కారు టైర్లు కోసేద్దామా రా?”

“వద్దన్నా. టైర్లయితే మార్చుకుంటాడు.”

వేసవి మొదలవుతుండగా సూర్యకిరణే ఫోను చేశాడు. కఫీల్ అతన్ని మేనేజరు చేద్దామనుకుంటున్నాడు. కానీ కఫీల్ తండ్రి అబూ నాసర్ మనిషిని చూడందే ఒప్పుకోడు. రేపు దీవానియాకి రమ్మన్నాడు.

“ఒరే పీరా, నేనెప్పుడూ గుమ్మంకాడ కాగితాలిచ్చి వచ్చేయడమే. లోపల కూచోలేదెహె. ఆ గహ్వా తాగే పద్ధతేంటో చెప్పు.”

పీరా దల్లా తుడుస్తూ చెప్పాడు. “కుడిచేత్తో పట్టుకోన్నా. పోసిందల్లా తాగాల. నోటితో వద్దనగూడదు, ఇంటాయనకి అవమానం. కప్పు కిందికి దించొద్దు.”

“అంతేనా?”

“అంతేన్నా.”

చెప్పిన పద్ధతిలో ఒక్క అబద్ధం లేదు. కప్పు ఆడించాలన్న ముక్క ఒక్కటే లేదు.

మర్నాడు సూర్యకిరణ్ అత్తరు కొట్టుకుని వచ్చి అబూ నాసర్ పక్కన కూర్చున్నాడు. పీరా పోశాడు, అతను తాగాడు. మళ్లీ పోశాడు, మళ్లీ తాగాడు. మిగతావాళ్లంతా కప్పులు ఆడించి ఇచ్చేశారు. పీరా ఇంకా అతని ముందే నిలబడ్డాడు. సూర్యకిరణ్ కప్పు ఖాళీ చేయడం, పీరా మళ్లీ పోయడం. గోడవారగా గుసగుసలు మొదలయ్యాయి. ఒక గడ్డపాయన తొడ చరిచి, “ఇతను మందూబ్ కాడు, ఫింజాన్‌చీ!” అన్నాడు. దీవానియా మొత్తం గొల్లుమంది. అబూ నాసర్ మీసం కింద కూడా నవ్వు కదిలింది. ఇలాంటివాడు మేనేజరా అన్న నవ్వు అది.

“చాల్లేరా... చంపేత్తావేటి?” అని సూర్యకిరణ్ పళ్ల మధ్య గొణిగాడు.

“వద్దంటే అవమానం గదన్నా.”

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పీరాకి ఆ హాలు గుర్తొచ్చింది, చప్పట్లు గుర్తొచ్చాయి. దల్లా ఎత్తి అంచుదాకా నింపాడు. గహ్వా పొంగి సూర్యకిరణ్ వేళ్ల మీదికి కారింది.

నవ్వు తెగిపోయింది. అబూ నాసర్ ఆ కప్పును చూశాడు, పీరాని చూశాడు. “నా ఇంట్లోంచి మనిషిని పొమ్మనేది నువ్వా?” అన్నాడు మెల్లగా. దల్లా తనే అందుకుని, కొత్త కప్పులో అడుగున కాస్త పోసి, అతిథికి తన చేత్తో ఇచ్చి తప్పు మన్నించమన్నాడు. ఇంటికి వచ్చినవాడికి ఇంట్లో అవమానం జరిగాక దాన్ని తుడవడానికి ఒక్కటే దారి ఉంది, అతను కోరి వచ్చింది ఇచ్చి పంపడం. మేనేజరు పని అప్పుడే, అందరి ముందూ ఖాయం చేశాడు. ఏం జరిగిందో అక్కడ కూర్చున్నవాళ్ల కన్నా ముందు పీరాకే అర్థమైంది. ఆ నిండు కప్పు పోయకపోతే సూర్యకిరణ్ ఉత్త చేతులతో వెళ్లేవాడు.

పీరాని షువైఖ్‌లో కఫీల్ టైర్ల షాపుకి పంపేశారు. పంక్చర్లు వేసేవాణ్ని అక్కడ బంచర్చి అంటారు. గహ్వచి పోయి బంచర్చి అయ్యాడు.

చలికాలం మొదట్లో అహ్మదిలో కఫీల్ కంపెనీ క్యాంపు నుంచి ఒక లారీ వచ్చింది. డ్రైవరు మన కడప వైపు మనిషి. “బిరీన చెయ్ తమ్ముడూ, ఫింజాన్‌చీ సారు కాడ సంతకం తీసుకోవాల,” అన్నాడు.

పీరా చేతిలో స్పానర్ ఆగింది. “ఆయన అసలు పేరేమన్నా?”

“ఏమో! అందరూ అట్లనే అంటారు. కువైటీలు, మలయాళీలు, బంగ్లావోళ్లు గూడా.”

“మీ క్యాంపులో ఎవరెవరంటారు?”

“క్యాంపంతా.”

“ఫర్వానియాలో?”

“ఆడ మావోళ్ల రూములో మొన్న ఒకడన్నాడే.”

“ఫహాహీల్లో?”

“ఆడికింకా పోలేదనుకుంటా. యాల?”

“ఏంలేదన్నా. నీ బండి అటు పోతాదా?”

“రేపు పొద్దున లోడుంది.”

పీరా మోకాళ్ల మీద వంగి, ఆ బండి ఫహాహీల్ దాకా దారిలో ఎక్కడా ఆగకూడదన్నట్టు, చక్రానికి ఒక్కొక్క నట్టూ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాడు.