అంగడి తరాజులో లసుమవ్వ పిల్లి

కోరుట్ల నుంచి వేములవాడ పోయే బస్సులో, రుద్రంగి దగ్గర పడుతుంటే మనుషులు గొంతు తగ్గించి మాట్లాడే రోజులవి. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని సర్కారు ప్రకటించి చాన్నాళ్లయింది. దొరలు గడీలకు తాళాలేసి పట్నాలు పట్టారు. ఊరి బడుల్లో పోలీసు క్యాంపులు దిగాయి. ఆ కాలం గురించి రాసేవాళ్లు తుపాకుల సంగతి రాస్తారు గానీ వంటింటి గంజుల సంగతి రాయరు. పోలీసులు ఇల్లు సోదా చేస్తే ముందు మూత తీసి చూసేది అన్నం గంజునే. ఇంట్లో ఎందరు, వండింది ఎంత, మిగతాది ఎవరికి? ఈ లెక్క కుదరని ఇల్లు అడవిలో అన్నలకు అన్నం పెట్టే ఇల్లన్నమాట. ఆపైన జీపు ఎక్కాల్సిందే.

లసుమవ్వ గంజు లెక్క ఎప్పుడూ కుదరలేదు.

ఆమెది రుద్రంగి పక్క పల్లె. భర్త రాజన్న కల్లు గీసేవాడు. ఒక ముసురు పొద్దున మోకు జారి తాటిచెట్టు మీంచి పడి పోయాడు. పిల్లల్లేరు. ఒక బర్రె, తెల్లి అనే ఒక పిల్లి, అంతే సంసారం. రాజన్న పోయి ఆరేళ్లయినా కుండలో చేయి పెడితే తవ్వెడు బియ్యమే వచ్చేవి. అది ఇద్దరి కొలత. "ఒక్కదానికి వండుడు నాకు తెల్వది" అనేది. రాజన్నకు పాలబువ్వ ఇష్టం. ఆయన పాలు ఇప్పుడు తెల్లికి ముట్టేవి, మీగడతో సహా.

వేములవాడ సత్రాల్లో పిల్లులు యాత్రికుల ఎంగిలి తిని కూడా బక్కగానే ఉంటాయి. కుక్కలకు జడిసి, రూముల వాళ్ల చీపుర్లకు జడిసి, తిన్నదంతా పరుగులోనే కరిగిపోతుంది. గడీల్లో పిల్లులు వేరు. పిల్లిని బలిపించేది సగం తిండి, సగం నిర్భయం. తెల్లికి రెండూ దొరికాయి. అది గడప మీద పడుకుంటే గుమ్మడికాయ దొర్లించినట్టుండేది.

ఒకనాడు క్యాంపు ఎస్సై గంజు మూత తీశాడు.

"గింత బువ్వ ఎవలికే అవ్వా? అన్నలకా?"

"పిల్లికి, సారూ."

"నా కండ్లు పోయినయనుకున్నవా?"

"నీ కాల్మొక్త సారూ, నువ్వే పెట్టి సూడరాదు."

ఎస్సై నిజంగానే ఆ అన్నం పళ్లెంలో పెట్టి, పీట వేసుకుని కూర్చున్నాడు. తెల్లి ఆ పళ్లెం సాంతం తిని, అంచులు నాకి, ఇంకేమన్నా ఉందా అన్నట్టు అతని మొహంలోకి చూసింది. ఎస్సై పడీ పడీ నవ్వాడు. "ఇది పిల్లి గాదే, మొన్న గెలిచిన మండలాధ్యక్షుడు!" అప్పటినుంచి సోదాకు వచ్చినప్పుడల్లా గడప మీదున్న పిల్లిని చూసి ముందుకు సాగేవాడు. ఊళ్లో అందరి ఇళ్లూ ఆగమైన రోజున కూడా లసుమవ్వ ఇల్లు నిమ్మళంగా ఉండేది. పిల్లి కొవ్వే ఆమెకు సాక్ష్యం.

ఆ కొవ్వే పిల్లి పానం మీదికి వచ్చింది. ఆ ఎండాకాలం తెల్లి నాలుగడుగులు వేస్తే రొప్పసాగింది. గోడ ఎక్కడం మానేసింది. తన వీపు తాను నాక్కోలేక వెంట్రుకలు ఉండలు కట్టాయి. లసుమవ్వ దాన్ని గంపలో పెట్టి కోరుట్ల పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు శశిధర్ రావు పిల్లిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ రోగం లేదవ్వా. బలిసింది. గిట్లనే పెడితే ఈ పిల్లి దసర సూడది."

"అయితే ఉపాసముంచాల్నా, దొరా?"

"అట్ల చెయ్యకు! బలిసిన పిల్లికి ఒక్కసారే తిండి బందుపెడితే కార్జం చెడి సస్తది. కొంచెం కొంచెం తగ్గియ్యి. పాలు వద్దు, బువ్వ తక్కువ. పిల్లంటే మాంసం తినే జీవి. ఇంత చాపనో కోడి పేగులో ఉడకవెట్టు. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. నడుమ ఎంత ఏడ్చినా పెట్టొద్దు."

ఇంటికొచ్చాక ఆ మాట మరిది మొగిలయ్యకు చెప్పింది. మొగిలయ్య బీడీ ఆర్పేశాడు.

"వదినె, పిల్లి బక్కగైతే ఎస్సై ఊకుంటడా? పిల్లి తినే బువ్వ ఇప్పుడు ఎవలు తింటుండ్రంటడు."

"నేనే క్యాంపుకు పోయి చెప్పొస్త. డాక్టరు తగ్గియ్యమన్నడని."

"పోయి సూడు! పిలువకుంటనే క్యాంపుల అడుగు పెట్టినోళ్లను అడివిల అన్నలు ఏమనుకుంటరో ఎరుకేనా? లసుమవ్వ ముచ్చట్లు మోస్తుందంటరు."

అట్లా అనిపించుకున్న మనిషి ఒకడు క్రితం ఏడాది వాగు ఒడ్డున చచ్చి పడి ఉండగా ఊరంతా చూసింది. చెబితే అన్నల చేత చావు, చెప్పకపోతే పోలీసుల చేత. ఏమీ చేయకపోతే పిల్లి చస్తుంది. రెండు రోజులు ఆమె పిల్లికి పెట్టలేదు, మానలేదు. చిటికెడు తగ్గించి చూసేది, అది అరిస్తే మళ్లీ వేసేది.

మూడోనాడు మొగిలయ్యతో అన్నది: "ఇద్దరికి ఒక్కసారే చెప్త. అంగడిల."

వారపు అంగడికి రానివాడెవడు? మఫ్టీ పోలీసులూ అక్కడే ఉల్లిగడ్డలు ఏరతారు, అన్నల సంఘం పిల్లలూ అక్కడే బెల్లం బేరమాడతారు. ఆమె గంప ఎత్తుకుని తిన్నగా బుచ్చయ్య సేటు దుకాణం ముందుకు పోయింది.

"సేటూ, దీన్ని తూకమెయ్యి."

బుచ్చయ్య లేచి నిలబడ్డాడు. "పిల్లినా? నా తరాజులనా? శనిని తెచ్చి నెత్తిన పెట్టినట్టే! లక్ష్మి ఆగుతదా?"

"చింతపండుల గింజలేసి తూకమేసిన్నాడు ఆగిన లక్ష్మి, నా పిల్లిని సూసి పోతదా?"

అంగడి గొల్లుమన్నది. చివరికి గోనెసంచి అడ్డం వేసి తూచారు. ఏడు కిలోలు. లసుమవ్వ నడుముకు కొంగు చుట్టి, ఉల్లిగడ్డల వాడి కంటే గట్టిగా కేకేసింది.

"ఇనుండ్రి! డాక్టరు నా పిల్లికి తిండి తగ్గియ్యమన్నడు. ఇయ్యాల్టి సంది పొద్దుగాల చారెడు, మాపటికి చారెడు. ఇది బక్కగైతది. ఎందుకైందని రేపు నన్నెవలు అడగొద్దు. వారం వారం ఈడనే తూకం!"

మొదటి రెండు వారాలు కొంచెం దిగింది. మూడో వారం పెరిగింది. అంగడిలో పంచాయితీ లేచింది. "ఎవలో దొంగతనంగ పెట్టిండ్రు!" అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి పక్కింటి గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కాళ్లు సుట్టుకొని ఏడిస్తే పానం ఓర్వలేదక్కా. ఒక్క చాప తలకాయ..."

"ఒక్కటే?"

"పూటకొక్కటి."

"నీ పాడుగాను! దాని పానం నీ చేతుల పోతుండె గదనే!"

గంగవ్వను తిట్టింది గానీ లసుమవ్వకు మాత్రం తక్కువ కష్టమా? గడ్డిపరకకు గుడ్డపేలిక కట్టి, పిల్లి ముందు ఆడిస్తూ వాకిలంతా వంగి తిరిగేది. అది రెండు గంతులేసి పడుకునేది. ఈమెకు నడుము పట్టేసేది. అన్నిటికంటే కష్టం కుండ దగ్గర. పిల్లికి తగ్గించినా చేయి తవ్వెడే తీసింది. మిగిలిన అన్నం కొన్నాళ్లు బర్రె కుడితిలోకి పోయింది. రాజన్న తినాల్సింది కుడితి పాలవుతుంటే మొహం తిప్పుకునేది. ఒకనాడు తవ్వ నిండా తీసి, చాలాసేపు చూసి, సగం కుండలోకి వంపేసింది.

వానాకాలం వెళ్లేసరికి పాత ఎస్సై బదిలీ అయ్యాడు. కొత్తాయన గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. క్యాంపులో ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆమె వాకిట్లో ఆగింది. తలుపులన్నీ టకటకా మూసుకున్నాయి. ఎస్సై గంజు మూత తీశాడు.

"ఏమ్మా, ఇదివరకు ఇద్దరికి వండేదానివంట. ఇప్పుడు ఒక్కదానికే వండావ్. ఆ రెండో మనిషి ఎవడు? ఏ దళంలో కలిశాడు?"

లసుమవ్వ ఎక్కువ వండితే తప్పనుకుంది. తక్కువ వండినా తప్పవుతుందని ఆమెకు తోచలేదు.

"నా మొగడు, సారూ. తాడిచెట్టు మీదికెళ్లి పడి సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"ఆరేండ్లాయె."

"ఆరేళ్ల కింద చచ్చినోడికి మొన్నటిదాకా వండావా?"

"వండిన. చెయ్యి ఇనలేదు, సారూ."

"కథలు చెప్పకు. జీపెక్కు."

పక్కింటి తలుపు కిర్రుమన్నది. గంగవ్వ బయటికొచ్చింది. జీపు ముందుకు వచ్చి అన్నది, "నిజమే సారూ. పిల్లి బక్కగయ్యేదాక ఆ బువ్వ పిల్లే తిన్నది. నేను గూడ పెట్టిన." ఆ వెనుక మొగిలయ్య వచ్చాడు. తరువాత ఇంకో తలుపు, ఇంకోటి. జీపు ఉండగా ఆ వాడలో తలుపులు తెరుచుకోవడం అదే మొదలు. అందరూ ఒక్కసారే పిల్లి తూకం చెబుతుంటే ఎస్సైకి మతి పోయింది.

జీపు పక్కనున్న పాత కానిస్టేబులు విఠల్ గొంతు సవరించుకున్నాడు. "సార్, వీళ్లు చెప్పేది కరెక్టే. అయిదు కిలోలకు దిగింది. నేను చూసిన."

"నువ్వెక్కడ చూశావ్?"

"అంగడిల, సార్. మఫ్టీ డ్యూటీ."

"నిన్ను అంగడికి పంపింది పిల్లి తూకం చూడ్డానికా?"

విఠల్ బూట్ల వైపు చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్సై ఆ ముసలామెను, తెరిచిన తలుపులను, గోడ మీద కూర్చుని తోక ఆడిస్తున్న పిల్లిని కాసేపు చూసి, గంజు మీద మూత తానే పెట్టాడు. జీపు వెళ్లిపోయింది.

లసుమవ్వ అరుగు మీద కూలబడింది. గంగవ్వ చెంబుతో నీళ్లిచ్చి వీపు రాసింది. తెల్లి గోడ మీంచి దూకి వచ్చి, ఇద్దరి కాళ్లూ చుట్టుకుని, ఊరంతా వినేట్టు అరవసాగింది. గంగవ్వ కళ్లు చూరులో చెక్కిన ఎండుచేప మీదికి పోయాయి.

"ఇయ్యాల ఒక్కనాటికన్న పెట్టక్కా. పాపం."

లసుమవ్వ నీళ్లు తాగి చెంబు దించింది.

"పొద్దుగూకనీ" అన్నది.